ఆరున్నర అలారం

రెండు రోజుల ప్రయాణానికి ఆవిడ మూడు గంటలసేపు చీటీలు అంటించింది. పంచదార డబ్బా మీద "పంచదార", ఉప్పు డబ్బా మీద "ఉప్పు, పంచదార కాదు", ఫ్రిజ్ తలుపు మీద "మూయండి". భర్త గుమ్మంలో నిలబడి అంతా చూసి, "నా మీద కూడా ఒకటి అంటించి పోవే, 'మొగుడు' అని" అంటూ పగలబడి నవ్వాడు. అంటించినా నిలుస్తుందన్న నమ్మకం లేక ఊరుకుంది.

ఆయన ఆఫీసులో విభాగాధిపతి. ఇంటికొస్తే, ఏ పనిలోనూ భాగం పంచుకోని పతి.

ఆవిడది నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే ఉద్యోగం. పగలంతా ఊరివాళ్ళ ఫిర్యాదులు, సాయంత్రం నుంచీ ఇంటివాళ్ళవి. తనవి రాసుకునే పుస్తకం ఎవరూ అచ్చు వేయించలేదు. సెలవడిగితే పై అధికారి కళ్ళజోడు పైకెత్తి చూశాడు. "కొండలెక్కడానికా? ఈ వయసులోనా? మరి శుక్రవారం మీటింగుకి టీలు ఎవరు చూస్తారమ్మా?" పదహారేళ్ళ సర్వీసు టీ కప్పులో మునిగింది.

హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆవిడని "గడియారం" అనేవారు. పరీక్షలప్పుడు తెల్లారకముందే లేచి పధ్నాలుగు మందిని తట్టి లేపేది. పెళ్ళయింది, గడియారానికి గోడ మారింది, అంతే. ఇప్పుడు ఫోన్లో పదకొండు అలారాలున్నాయి. అయిదుంపావుకి పాలు. ఆరున్నరకి అత్తయ్య మాత్ర. ఏడింటికి మోటారు ఆపడం. ఇలా రాత్రి గేటు తాళం దాకా. అలారం ఆవిడ ఫోన్లో మోగుతుంది. ఆవిడ ఎక్కడున్నా ఇంటికి ఫోన్ చేసి చెబుతుంది. అప్పుడు, అమ్మ పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్న భర్త చెయ్యి చాపి మాత్ర అందిస్తాడు. "ఆ అలారమేదో మీ ఫోన్లోనే పెట్టుకోవచ్చు కదండీ" అని ఒకసారి అంది. "నాకు ఆ మోత పడదే. పొద్దున్నే గుండె దడ" అన్నాడాయన. "వాడికి చిన్నప్పట్నుంచీ అంతేనమ్మాయ్, సున్నితం" అంది అత్తగారు. మోత ఆయనకి పడదు, మోయడం ఈవిడకి తప్పదు.

ఈ ప్రయాణం అసలు దుర్భిణిది. దుర్భిణి అంటే హాస్టల్లో పక్కమంచం అమ్మాయి. మెడలో ఎప్పుడూ దుర్భిణి వేలాడేది, పిట్టల కోసం. ఇప్పుడు లైబ్రరీలో ఉద్యోగం, ఒంటరి ఇల్లు. రెండేళ్ళుగా చూపు అంచుల నుంచి మూసుకుపోతోంది. "గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుందే. ఆ గొట్టం కూడా సన్నబడుతోంది. వచ్చే ఏడాదికి వెలుగూ చీకటీ తేడా తెలిస్తే అదృష్టం అన్నాడు డాక్టరు" అని, ధర పెరిగిన వంకాయల గురించి చెప్పినట్టు చెప్పింది. ఆ గొట్టం పూర్తిగా మూసుకుపోయేలోగా కొండమేకల్ని, పిల్లలతో సహా, ఒక్కసారి చూడాలి. అదొక్కటే ఆమె కోరిక. ఆ కొండ మీది వన్యప్రాణుల పార్కులో, మేకలు ఉప్పురాళ్ళు నాకడానికి వచ్చే బండ ఎదురుగా చిన్న చెక్కగది ఉంది. రోజుకి ఒక్క జట్టుకే అనుమతి. ఆ ఒక్క ఉదయం కోసం దుర్భిణి రెండేళ్ళు దరఖాస్తులు పెట్టింది.

ముందురోజు కొండెక్కుతుంటే గడియారం సంచీ బరువుకి వంగిపోయింది. విప్పి చూస్తే నలుగురికి సరిపడా రొట్టె, నాలుగు తువ్వాళ్ళు.

"మిగతా ఇద్దరూ ఏరే? వెనకొస్తున్నారా?" అంది దుర్భిణి.

"చెయ్యి అలవాటు" అంది గడియారం. ఇద్దరూ నవ్వారు.

తెల్లవారుజామున అయిదున్నరకి గార్డు వాళ్ళని చెక్కగదిలో కూర్చోబెట్టాడు. "ఫోన్లు ఆపెయ్యండమ్మా. చిన్న చప్పుడైనా ఒక్కటీ మిగలదు." దుర్భిణి ఆపేసింది. గడియారం సైలెంట్‌లో పెట్టింది. ఆపేస్తే, ఇంటి నుంచి ఫోనొస్తే? సైలెంట్‌లో పెడితే రింగు నోరు మూసుకుంటుంది గానీ అలారం మూసుకోదు. ఆ సంగతి ఆవిడకి తెలియనిది కాదు. ఆఫీసు మీటింగుల్లో అత్తగారి మందులు తప్పిపోకుండా ఇన్నేళ్ళూ కాపాడింది ఆ ఏర్పాటే. తెలిసిందే ఆ పూట గుర్తు రాలేదు.

మంచు కొంచెం పలచబడేసరికి బండ మీద ఒక కొమ్ము కదిలింది. తర్వాత నాలుగు. తల్లి కడుపు కిందనుంచి, ఇంకా కాళ్ళు సరిగ్గా నిలవని పిల్ల ఒకటి తల బయటపెట్టింది.

"వచ్చాయే" అని గుసగుసలాడింది గడియారం.

దుర్భిణి మెడలోని దూరపు అద్దాలు కళ్ళకి ఆనించుకుంది. "ఎక్కడ? నాకు బండే దొరకట్లేదు."

"ఎడమకి. ఇంకొంచెం. విరిగిన చెట్టు కనబడిందా? అక్కణ్ణుంచి కిందకి... నెమ్మదిగా..."

"చెట్టు దొరికింది."

"ఇంకో జానెడు కిందకి."

అప్పుడు మోగింది. ఆ చెక్కగదిలో అది అలారంలా లేదు, అత్తగారే వచ్చి కేకేసినట్టుంది. చేతికున్న ఉన్ని తొడుగుతో ఎన్నిసార్లు నొక్కినా ఆగలేదు. పళ్ళతో తొడుగు లాగి ఆపేసరికి బండ మీద రాళ్ళు దొర్లుతున్న చప్పుడొక్కటే మిగిలింది. తెర మీద అక్షరాలు వెలుగుతున్నాయి: అత్తయ్య మాత్ర.

ఆ తర్వాత చేసింది తలుచుకుంటే ఆవిడకి ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. తలుపు తోసుకుని బయటికెళ్ళి, ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, అత్తయ్యకి మాత్ర."

"ఆఁ, ఇస్తున్నా. డబ్బా ఏదీ?"

"మీ మోచేతి పక్కన."

"ఆఁ ఆఁ, దొరికింది. కనబడ్డాయా మేకలు? మన సందు చివర కట్టేసుంటాయిగా, వాటికోసం అంత దూరమెందుకే" అని నవ్వి పెట్టేశాడు.

తిరిగి లోపలికొస్తే దుర్భిణి ఇంకా కళ్ళ నుంచి అద్దాలు దించలేదు. ఖాళీ బండ వైపు, సరిగ్గా జానెడు కిందకి, పట్టుకునే ఉంది.

"చూశావా?" అనడిగింది గడియారం.

"చెట్టు చూశాను" అంది దుర్భిణి. "బాగుంది చెట్టు."

తిట్టుంటే బాగుండేది. తిట్లు తినడం ఆవిడకి అలవాటే, అరిగిపోయేవి. ఇది అరగలేదు.

గార్డు తల లోపలికి పెట్టాడు. "ఇవాళ్టికింతేనమ్మా. రేపటివాళ్ళు రాకపోతే చోటు మీకిస్తాను, గేటు దగ్గర కాచుకుని కూర్చోవాలి. మేకల సంగతి మాత్రం చెప్పలేను. ఒకసారి బెదిరితే రెండు మూడు రోజులు ఇటు రావు."

గడియారం నేల మీద కూర్చుని అలారాలు తీసేయడం మొదలుపెట్టింది. పాలు. మోటారు. ఆయన చొక్కా. ఒక్కొక్కటీ "తీసేయమంటారా?" అని అడుగుతోంది ఫోను. ఇరవైరెండేళ్ళ కాపురంలో ఆవిడ అభిప్రాయం అడిగింది అదొక్కటే.

ఏడు దాటాక ఫోను చేతిలో వణికింది.

"ఏమేవ్, మోటారు ఆపమని చెప్పలేదేం? నీళ్ళు మెట్ల మీద పారుతున్నాయి!"

"మీకు కనబడుతున్నాయా?"

"నాకేమన్నా కళ్ళు లేవా, కనబడక!"

"అయితే ఆపండి" అంది. "అత్తయ్య మాత్ర పొద్దున ఆరున్నరకి, రేపట్నుంచి మీరే చూసుకోండి. నేను ఇవాళ రావట్లేదు."

"రేపొస్తావా?"

"మేకలు చెప్పాలి."

ఆవిడ ఫోను ఆపేసింది, ఈసారి పూర్తిగా.

మంచు మళ్ళీ పైకొచ్చి బండని కప్పేసింది. గార్డు పొమ్మనలేదు, వీళ్ళూ లేవలేదు. గడియారం స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, ఆ పిల్ల ఎలా ఉందో చెప్పింది. చెవులు, తడి ముక్కు, వణికే మోకాళ్ళు. మధ్యలో ఏడ్చింది. ఆపుకుని మళ్ళీ చెప్పింది.

"టైమెంతయిందే?" అంది చివరికి దుర్భిణి.

"తెలీదు" అంది గడియారం.