బెల్టు లేని నాలుక

నేను ఒక నాలుకను. నోరెక్కడుందని వెతకకండి, లేదు. మాట కూడా రాదు. అయినా పుట్టిన దగ్గర్నుంచీ ఒకటే అబద్ధాన్ని, ఒక్క అక్షరం మార్చకుండా, కొన్ని వేలసార్లు చెప్పాను. చెప్పింది మనుషులతో కాదు, కారుతో.

మీరు కారెక్కి బెల్టు కట్టుకోకపోతే అది ణిం ణిం అని ఏడుస్తుంది. బెల్టు కొసన ఇనుప నాలుక ఉంటుంది చూడండి, దాన్ని సీటు పక్కనున్న గూట్లో టక్కున దోపితే ఏడుపు ఆగుతుంది. నేను అచ్చం అలాంటి నాలుకనే. వెనక బెల్టు మాత్రం లేదు. నన్ను దోపితే కారు పిచ్చిది, మా అయ్య బెల్టు కట్టుకున్నాడనుకుని గమ్మునుంటుంది. అయ్యగారు చొక్కా నలగకుండా దర్జాగా కూర్చుంటారు.

తూర్పు సముద్రానికి అవతల ఒక ఫ్యాక్టరీలో, ఒకే ఇనుప రేకులోంచి మమ్మల్ని వందమందిని కోశారు. సగం మందిని కుడి తలుపులోంచి తీసుకుపోయి, బెల్టులు కుట్టి, మరలకు తగిలించి, అటు రెండు ఏనుగులూ ఇటు రెండు ఏనుగులూ లాగినట్టు లాగారు. వాళ్ల మూలుగులకు గోడమీది గడియారం ఆగిపోయింది. మమ్మల్ని ఎడమ తలుపులోంచి తీసుకుపోయి మెరుగుపెట్టి, మఖమలు గుడ్డ మీద కూర్చోబెట్టారు. మమ్మల్ని లాగినవాడు లేడు, గిల్లినవాడు లేడు. దొరబిడ్డలంటే మేమేనని మురిసిపోయాం.

కువైట్‌లో కారు సామాన్ల కొట్లో నన్ను కొన్నవాడు ఫవాజ్. అక్కడివాడే, పాతికేళ్ల పెద్దింటి బిడ్డ. ఆయన బండి తోలడం చూసి తీరాలి. ఒక చేతిలో కాగితం కప్పులో టీ, రెండో చేతిలో ఫోను. మరి స్టీరింగో అంటారా, దానికి మోకాలు ఉంది కదా. అక్కడ వేగంగా పోయేవాళ్లది ఎడమ చివరి వరస, అది తాతగారు వీలునామా రాసిచ్చినట్టు, ముందు ఎవడు కనబడినా లైట్లు కొట్టి పక్కకు తోసేవాడు. ఒకనాడు ఎంత వేగంగా పోయామంటే, మేం కొట్టిన హారను మోత మమ్మల్ని అందుకోలేక దారిలో ఆయాసపడుతూ కూలబడింది. తిరిగొచ్చేటప్పుడు ఎక్కించుకొచ్చాం. నమ్మకపోతే మీ ఇష్టం. మనిషి మాత్రం బంగారం. ఎండలో ఎవరి బండి ఆగిపోయినా నాలుగు వరసలు అడ్డంగా కోసుకుంటూ పోయి, నీళ్లిచ్చి, తాడు కట్టి లాగిపెట్టేవాడు. ఆ ఒక్కడికి సాయం చేయడానికి పోతూ మరో నలుగురికి గుండె జారేలా చేసేవాడు, అది వేరే సంగతి.

ఫవాజ్‌కు కొత్త బండి వచ్చింది. పాతది ఇంటి డ్రైవరుకు పడింది, గూట్లో ఉన్న నాతో సహా.

ఆ డ్రైవరు ఓబులేసు. కడప వైపు చిట్వేలు మనిషి, ఊళ్లో అరటిగెలల లారీ తోలినవాడు. వచ్చిన కొత్తలో రూలు ప్రకారం తోలేవాడు. అదే తప్పయింది. వెనకనుంచి హారన్లు, పక్కనుంచి తిట్లు. ఇంటికొస్తే సాటి డ్రైవర్ల ఎగతాళి.

"ఏం ఓబులేసన్నా, బండి ముందర మేళం పెట్టిద్దామా?" అన్నాడు రాయచోటి జిలానీ. "నువ్వు పోయేలోపల బడి పిల్లోళ్లు పెద్దోళ్లయి పెండ్లిండ్లు చేసుకుంటారు."

మనవైపు నుంచి పోయిన డ్రైవర్లు అక్కడ మనిషి గొప్పను నిమిషాల్లో కొలుస్తారు. బాగున్నావా అని అడగరు. మా ఇల్లున్న సాల్వా నుంచి, ఊరికి ఆ చివరనున్న జహరాకు ఎన్ని నిమిషాల్లో పోయినావు అంటారు. నలభై అన్నవాడికి టీ కూడా చివర్లో ఇస్తారు. ఈ తోలుడు ఇక్కడివాళ్లను చూసే నేర్చుకున్నామని మనవాళ్లు, బయటివాళ్లు వచ్చి రోడ్లు చెడగొట్టారని అక్కడివాళ్లు. ఇరుపక్షాల బళ్లలోనూ ఉన్నది మా అన్నదమ్ములే కాబట్టి నేను తీర్పు చెప్పను.

ఓబులేసుకు మాత్రం నిమిషాల అవసరం నిజంగానే ఉంది. ఆయన భార్య పెంచలమ్మ జహరాలో ఒక ఇంట వంటమనిషి. మొగుడూ పెళ్లాం ఒకే దేశంలో ఉండి, కలుసుకోవడానికి సెలవు దొరికేది శుక్రవారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా. ఆ మూడు గంటల్లో రానూ పోనూ నలభై నలభై నిమిషాలు రోడ్డే మింగేస్తుంది. ముప్పైలో పోతే ఇరవై నిమిషాల కాపురం కలిసొస్తుంది. అందుకని ఓబులేసు ఫవాజ్‌ను మించిపోయాడు. లారీల సందుల్లోంచి సూదిలో దారంలా దూరేవాడు. ఒకసారి మా నీడ మాకంటే వెనకబడి, జహరా చేరాక రొప్పుతూ వచ్చి బండి కింద దూరింది.

ఒక శుక్రవారం పెంచలమ్మ కొత్త నేతచీర కట్టి వచ్చింది. వారమంతా పనిబట్టలు, ఆ పూట మాత్రం ఇస్త్రీ చీర. ముందు సీట్లో కూర్చోగానే కారు ణిం ణిం అంది. ఆమె బెల్టు కోసం చెయ్యి చాపింది.

"వద్దులే పెంచలా, చీర నలగతాది," అన్నాడు ఓబులేసు. తన గూట్లోంచి నన్ను పీకి ఆమె గూట్లో దోపాడు. ఇప్పుడు కారు ఆయన కోసం ఏడవడం మొదలెట్టింది. విసుక్కుంటూ తన బెల్టు తను కట్టుకున్నాడు. ప్రేమంటే ఎలాంటిదో చూడండి.

సముద్రం ఒడ్డున నీడ పట్టున కూర్చుందామని బయలుదేరారు. నిమిషాలు కలిసిరావాలి కాబట్టి బండి గాల్లో ఉంది. ఎడమ చివరి వరసలో పోతున్న తెల్లకారుకు ఉన్నట్టుండి కుడివైపు దిగిపోయే దారి గుర్తొచ్చింది. మూడు వరసలు అడ్డంగా కోసి మా ముక్కు ముందునుంచి దూసుకుపోయింది. ఓబులేసు రెండు కాళ్లతో బ్రేకు మీద నిలబడ్డాడు. ఆయన బెల్టు బిగిసి ఆయన్ను సీటుకు అదిమి పట్టింది. పెంచలమ్మ ముందుకు పోయింది. ఆపుదామని నేను కొట్టుకున్నాను, కానీ నా వెనక ఏముంది? ఆమె నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకున్న చప్పుడు ఇప్పటికీ నాలో మోగుతూనే ఉంది.

బండి రోడ్డు పక్కన ఆగింది. కనుబొమ చీలి నెత్తురు చీర మీద కారుతోంది.

"నీకేం కాలే కదా," అంది ఆమె ముందుగా.

"లే. బెల్టు పట్టుకునింది."

"మరి నాదో?"

ఓబులేసు ఆమె సీటు పక్క గూటి వైపు చూశాడు. ఆమె వంగి నన్ను గూట్లోంచి పీకి, ముందూ వెనకా తిప్పి చూసింది. "దీనికి బెల్టు యాడుంది?"

"దానికి ఉండదు."

"మరెందుకుండేది?"

"కూత ఆపేదానికి."

"నువ్వు బెల్టు కట్టుకుంటివి. నాకు కూత ఆపేది పెడితివి," అంది పెంచలమ్మ నిమ్మళంగా. "చీర నలగతాదని. ఈ నెత్తురు ఇస్త్రీ చేస్తే పోతాదా?"

"నీతో ఇంకో పది నిమిషాలుందామని కదే ఈ పరుగంతా."

"ఆ పది నిమిషాలు నువ్వు ఏం చేస్తాండావో చెప్పేదా? వచ్చీరాంగానే సీటు వెనక్కేసి కండ్లు మూసుకుంటావు. చేతులు వణకతాంటాయి. నేను టిఫిను మూత తెరిసి నీ మొగం చూస్తా కూసుంటా. ఆ నిమిషాలు నాకెప్పుడు ముట్టినాయి?"

ఓబులేసు తన చేతులు చూసుకున్నాడు. నిజమే, వణుకుతున్నాయి.

కనుబొమకు నాలుగు కుట్లు పడ్డాయి. యజమానురాలితో ఆమె బాత్రూంలో జారానని చెప్పింది. నేనిప్పుడు ఆమె చేతిసంచి అడుగున, పిన్నీసులూ నొప్పుల మందు డబ్బా మధ్య ఉన్నాను. పనీపాటా లేదు, ఆరోగ్యం బాగుంది.

శుక్రవారం పద్ధతి మారింది. గేటు ముందు బండి ఆగితే పెంచలమ్మ ఎక్కదు. అద్దం దగ్గర వంగి "ఎన్ని?" అంటుంది. నలభై అంటే ఎక్కి, బెల్టు కట్టుకుంటుంది. తక్కువ చెబితే, ఎన్ని మిగిల్చాడో అన్ని నిమిషాలూ గోడ నీడలో నిలబడుతుంది. బొంకుదామంటే కుదరదు, ఆమె చూసేది ఆయన చేతుల్ని.

మొన్న ఓబులేసు తలొంచుకుని "ముప్పై రెండు" అన్నాడు. "వాడెవడో వెనకమాల లైట్లు కొడతానే ఉన్నాడే."

"కొట్టనీ. నిన్ను చంకనేసుకుని పోతాడా?"

పోయి గోడకు ఆనుకుంది. లోపల ఆయన, బయట ఈమె, మధ్యలో అద్దం. నాలుగు నిమిషాలు గడిచాయి. అయిదో నిమిషంలో ఓబులేసు దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఇదీ మన మూడు గంటల్లోదే కదా," అన్నాడు.

"దాంట్లోదే," అంది పెంచలమ్మ. టిఫిను మూత తీసి ఒక అలసంద వడ ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఊళ్లో వానల సంగతి ఎత్తాడు. ఆమె తన యజమానురాలు ఉప్మాకు వంక పెట్టిన సంగతి చెప్పి నవ్వించింది.

ఎనిమిది నిమిషాలూ అయిపోయాయి. వాళ్లు వెంటనే బండెక్కలేదు.