గుడికని చెప్పిన పేటీ

అయినా గుడికి అనడం పూర్తి అబద్ధం ఎలా అవుతుంది, రేపెప్పుడో తను పోయాక కూతురు అమూల్య ఎలాగూ దీన్ని చర్చికే ఇచ్చేస్తుంది, అప్పుడది నిజమే అవుతుంది, కాకపోతే కొంచెం ముందుగా చెప్పిన నిజం, అనుకుని చంద్రకాంత్ ఒడిలోని హార్మోనియం పేటీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు, తాండూరు స్టేషను వదిలిన ప్యాసింజరు ఇంకా వేగం అందుకోలేదు, కిటికీ అవతల నాపరాళ్ల దొంతరలు తెల్లటి దుమ్ము కప్పుకుని వెనక్కి పోతున్నాయి, ఆ దుమ్ము పేటీ లోపలికి పోతుందేమోనని అద్దం దింపబోయి, పక్కనున్న ముసలమ్మకు గాలాడదని మానుకుని, భుజం మీది తువ్వాలు తీసి కప్పాడు, పసిపిల్లకు కప్పినట్టు, కప్పాక సిగ్గేసింది, కరెంటాఫీసులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, పైన సామాన్ల బల్ల అంత ఖాళీగా ఉండగా పేటీని ఒడిలో పెట్టుకుని కూర్చోవడమేమిటి, కానీ పైన పెడితే కుదుపుకు ఎక్కడ కొట్టుకుంటుందో, ముసలమ్మ తువ్వాలు అంచు వేలితో ఎత్తి చూసింది, పేటీనా నాయినా, భజనకా, అంది, అతను తలూపాడు, ఊపిన తలను మళ్లీ వెనక్కి తెచ్చుకునేలోపే ఆమె పేటీని తాకి ఆ వేళ్లు కళ్లకద్దుకుంది, మంచి పని చేస్తున్నవ్ బిడ్డా, అంది, నోరు తెరవకుండానే ఇంకో అబద్ధం అయిపోయింది.

మొదటిది మాత్రం నోటితోనే చెప్పాడు, పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక అక్క రాహేలమ్మ ఇంటికొచ్చింది, కూర గిన్నె బల్ల మీద పెట్టి, తల ఎత్తి, వర్షానికి స్లాబు మీద పరుచుకున్న తడి మరకను చూసింది, ఆమె ఎప్పుడొచ్చినా మొదట ఆ మరకనే చూస్తుంది, దాని తర్వాతే తమ్ముణ్ణి చూస్తుంది, బుధవారం తాండూరు పోతున్నా అక్కా అన్నాడు, ఎందుకురా అంది, పేటీ తెచ్చుకోవడానికి అన్నాడు, అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది, కానీ ఆమె కళ్లు మరక మీది నుంచి దిగి అతని మొహం మీదికొచ్చాయి, పేటీనా, ఎవరికి, అంది, ఆ ఎవరికి అనే మాటలో ఎంత ఆశ్చర్యమో, ఈ ఇంట్లో పేటీ వాయించే మనిషి ఎవరూ లేరు కదా అన్నట్టు, నాలుక దానంతటదే తిరిగింది, గుడికి అక్కా, అనేశాడు, ఆమె కుర్చీలో కూలబడి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, పద్మ పేరు మీదనా, అంది, పోయిన మరదల్ని తలుచుకుని, అతను ఏమీ అనలేదు, అనకపోవడమే అవునని ఆమె అనుకుంది, ఆ సాయంత్రానికల్లా పాస్టరయ్యకు తెలిసింది, స్త్రీల సమాజానికి తెలిసింది, వచ్చే ఆదివారం ప్రతిష్ఠ ప్రార్థన అని తేల్చేశారు, పేటీ ముందు చెక్క మీద కీర్తిశేషులు పద్మారాణి జ్ఞాపకార్థము అని రాయించాలన్నారు, వాళ్ల చర్చిలో అది మామూలే, తిరిగే ప్రతి ఫ్యాను రెక్కల మీదా పోయిన వాళ్ల పేర్లుంటాయి, తిరుగుతున్నంతసేపూ ఎవరివో తెలియదు, కరెంటు పోతే మెల్లగా ఆగి ఒక్కొక్కరూ పైనుంచి చూస్తుంటారు, కరెంటాఫీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ పేర్లన్నీ తననే చూస్తున్నట్టుండేది.

పద్మకు పేటీ అంటే గిట్టేది కాదు, అదే అసలు సంగతి, ఎవరికీ చెప్పలేని సంగతి, రుక్మాపూర్ దాటిందా, దాటింది, ఎదుటి సీట్లో కన్నడం మాట్లాడుకుంటున్నవాళ్లు జొన్నరొట్టెలు విప్పారు, వెల్లుల్లి కారం వాసన, ఆ వాసనకే ధారూర్ క్రైస్తవ జాతర గుర్తొచ్చింది, పెళ్లయిన కొత్తలో గుడారం వేసుకుని ఇద్దరూ పడుకుంటే పక్క గుడారంలో ఎవరో తెల్లవారకముందే పేటీ మొదలుపెట్టారు, చంద్రకాంత్ లేచి కూర్చుని వింటుంటే పద్మ దుప్పటి చెవుల మీదికి లాక్కుని, దూడ తప్పిపోయిన బర్రె లెక్క ఒర్లుతున్నది, జర ఎవరన్న దానికి దూడను చూపియ్యుండ్రి, అంది, ఎంత నవ్వాడో, నవ్వుతూనే లోపల ఏదో మడిచి పెట్టేశాడు, ఆమె వద్దని ఎన్నడూ అనలేదు, తను తెస్తానని ఎన్నడూ అనలేదు, అట్లాగే కాలం గడిచింది, అందులో ఎవరి తప్పూ లేదు, ఇప్పుడు ఆమె పేరు ఆ చెక్క మీద తెల్ల రంగుతో రాస్తే, ప్రతి ఆదివారం ఆ బర్రె ఆమె పేరు పెట్టుకుని ఒర్లితే, పద్మ నవ్వుతుంది, నవ్వుతుందా, లేక నా పేరెందుకయ్యా వాడుకున్నవ్ అంటుందా.

ఫోన్ మోగింది, ఒడిలో పేటీ ఉండటంతో జేబులోంచి తీయడం కష్టమైంది, ముసలమ్మ పేటీకి ఒక చెయ్యి అడ్డం పెట్టింది, అమూల్య, నాయినా ఎక్కినవా, పాస్టరయ్య అడుగుతున్నడు, అమ్మ పేరు ముందు ఇంటిపేరు రాయాల్నా వద్దా, రంగులాయన పొద్దూకి వస్తడట, రాహేలత్తా వాళ్లూ నిన్ను తీసుకొచ్చెటందుకు స్టేషనుకు పోయిండ్రు, అని ఒక్క గుక్కలో చెప్పి, మంచిగ చేసినవ్ నాయినా, అంది, బిడ్డా, అన్నాడు, ఇంకేమన్నా అనేలోపు సిగ్నల్ పోయింది, లేదా తనే నొక్కాడేమో, ఇప్పుడేం చేయాలి, దీన్ని ఇచ్చేసి కొన్నాళ్లాగి ఇంకోటి తెచ్చుకుంటే, అది ఎవరికని మళ్లీ అడుగుతారు, లేదా గుడిలోనే ఉంచి అప్పుడప్పుడూ పోయి వాయిస్తే, అందరి ముందూ ఏం వాయిస్తాడు, రాదు కదా, సరిగమలు కూడా వరసగా రావు, రానివాడు ఎందుకు కొన్నట్టు.

ఎందుకు కొన్నట్టు, ఆ ప్రశ్న అడగనివాడు పేటీలమ్మే మొహియుద్దీన్ ఒక్కడే, పొద్దున తాండూరులో ఆయన కొట్టు మెట్లెక్కుతుంటే జవాబు తయారుగా పట్టుకునే వెళ్లాడు, గుడికి, అనబోయాడు, ఆయన ఇతని మొహం కూడా సరిగ్గా చూడకుండా, సార్, గాలి తిత్తి ఏ చేత్తో ఊపుతరు, అన్నాడు, అంతే, ఎడమ చేత్తో అనుకుంటా, అన్నాడు చంద్రకాంత్, అనుకుంటా ఏంది సార్, కూసోని చూడుండ్రి, అని స్టూలు జరిపాడు, ఎంత చిన్న దయ అది, కారణం అడగకుండా స్టూలు జరపడం, కూర్చుని తిత్తి ఊపి ఒక మెట్టు నొక్కితే నాదం గదంతా నిండింది, హాస్టల్ రోజులు లేచొచ్చాయి, వార్డెన్ గది ఊడ్చే వంతు వచ్చినప్పుడు, అక్కడున్న పేటీ మూత తీసి, తిత్తి ఊపితే అందరికీ వినపడుతుందని ఊపకుండా, గాలి లేకుండానే మెట్లు నొక్కేవాడు, చెక్క చప్పుడు తప్ప ఏమీ వచ్చేది కాదు, అయినా ఏదో పాట అయిపోయినట్టు మూత పెట్టేవాడు, అప్పుడు మాత్రం ఎవరి కోసం నొక్కాడు, దేవుడి కోసమా, అప్పటికి పద్మ ఎవరో కూడా తెలియదు.

ధారూర్ ఎప్పుడు పోయిందో చూడలేదు, అడవి కూడా అయిపోయి వికారాబాద్ ఇళ్లు మొదలయ్యాయి, ముసలమ్మ, దిగుతవా నాయినా, జర పైలం, అంది, ప్లాట్‌ఫారం మీద రాహేలమ్మ తెల్ల చీరలో ముందే నిలబడి ఉంది, వెనక పాస్టరయ్య, చర్చిలో కీబోర్డు వాయించే నవీన్‌కుమార్, అతని చేతిలో ఒక పూలదండ, తన కోసం కాదు, పేటీ కోసం, దిగాడు, నవీన్‌కుమార్ ఇటియ్యండి అంకుల్ అని రెండు చేతులూ చాపాడు, రాహేలమ్మ పేటీ మీది తువ్వాలు తీసి ముందు చెక్కను అరచేత్తో నిమిరింది, గిక్కడనే రాస్తరు, గిక్కడనే మా పద్మ పేరు, అంది, ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది, చంద్రకాంత్ పేటీని వదలలేదు, అక్కా, గిది గుడికి కాదు, నాకు తెచ్చుకున్న, అన్నాడు.

రైలు కదిలి వెళ్లిపోయింది, నీకా, నీకెందుకురా, అంది రాహేలమ్మ, అతని నోటి దాకా జవాబులు వరస కట్టి వచ్చాయి, ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నా అక్కా అంటే ఆమె ఏడుస్తుంది, డాక్టరు ఏదైనా పని పెట్టుకోమన్నాడంటే నమ్ముతుంది, పద్మ గుర్తుకొస్తున్నదంటే తనే దండ వేసి ఇంటిదాకా మోసుకొస్తుంది, ఏది చెప్పినా ఒప్పుకుంటారు, ఒక్కటి చెప్తే చాలు, అవేవీ చెప్పకుండా, వాయించుకోనీకి, అన్నాడు, నీకు వాయించనొస్తదా అంది, రాదు, అన్నాడు, మరి గుడికని ఎందుకు చెప్పినవురా అంది, నీకు భయపడి అక్కా, అన్నాడు, ఆమె చెయ్యి చెక్క మీది నుంచి జారింది, ఇంట్ల స్లాబు కురుస్తుంటే నువ్వు పేటీ ముంగట కూసుంటవా, అంది, కూసుంట అక్కా, అన్నాడు, ఆమె మొహం తిప్పుకుని ఆటో వైపు నడిచింది, వెనక్కి చూడలేదు, నవీన్‌కుమార్ దండను ఏం చేయాలో తెలియక చేతికి చుట్టుకున్నాడు, పాస్టరయ్య మాత్రం ఒక్క క్షణం ఆగి, అన్నా, రంగులాయనకు రావద్దని నేను ఫోన్ చేస్తలే, అని మెల్లగా చెప్పి వెళ్లాడు, చంద్రకాంత్ పేటీని రెండు చేతులా ఎత్తి పట్టుకుని స్టేషను బయటికొచ్చాడు, అక్క కొన్నాళ్లు రాదు, కూర గిన్నె రాదు, సాయంత్రం అమూల్య ఫోన్ చేసి ఎందుకట్ల చేసినవ్ నాయినా అంటుంది, అదంతా ఉంటుంది, ఉన్నా పేటీ బరువు చేతులకు హాయిగా ఉంది, నాకు తెచ్చుకున్న అన్న మాట వెనకాల ఇంకో మాట రావాలన్నట్టు మనసు అలవాటుగా ఎదురుచూస్తోంది, ఇంకా చూస్తోంది, ఏమీ రాలేదు, రాకపోయినా ఆ మాట అట్లాగే నిలబడి ఉంది, తనకు కావాలనిపించింది, తెచ్చుకున్నాడు, అంతకు మించి అందులో ఏమీ లేదు, అంతకు మించి ఏమీ ఉండక్కర్లేదు.