చుట్టపుచూపుగా వచ్చే రోడ్లు

పొద్దున్నే ఇంజనీరుగారి భార్య గేటు తీసి, ఇంటి ముందు ఏ రోడ్డైనా వచ్చి పడుకుందేమో చూసేది. ఆ తరవాతే పాలగిన్నె పొయ్యి మీద పెట్టేది. వచ్చింది మట్టిరోడ్డయితే గుమ్మంలో తడిగుడ్డ పరవాలి, లేకపోతే ఇల్లంతా పాదాల ముద్రలే. తారురోడ్డయితే ఆ బెడద లేదు గానీ, ఎండెక్కాక మెత్తబడి చెప్పులు పట్టుకుంటుంది.

"ఎవరొచ్చారు?" అని లోపల్నించి ఆయన అడిగేవాడు, గడ్డం గీసుకుంటూ.

"కంకరరోడ్డు. పాపం ఒళ్ళంతా గుంటలు. మీ ఆఫీసులో దీన్ని పట్టించుకునే నాథుడే లేడా?"

"ఫైలు కదిలింది. నెలాఖరుకి పని మొదలవుతుంది."

"ఆ మాటేదో దానితోనే చెప్పండి, కాస్త ఊరట పడుతుంది," అంటూ ఆవిడ బకెట్టుతో నీళ్ళు తెచ్చి దుమ్ము అణిగేలా చల్లేది.

ఇంజనీరుగారిది ప్రభుత్వ రోడ్ల శాఖ. ఆయన లోకం చాలా చిన్నది, ఇల్లు, దేవుడు, ప్రయాణం, అంతే. రోజూ స్నానం కాగానే దేవుడి గూటి ముందు కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. తనిఖీకి వెళ్ళొచ్చినవాడు పై అధికారికి చెప్పుకున్నట్టు, నిన్న ఏం జరిగిందో చెప్పేవాడు. ఏ కల్వర్టు పూర్తయిందో, అమ్మాయికి జ్వరం తగ్గిందో లేదో, అన్నీ. సెలవు దొరికితే భార్యనీ కూతుర్నీ జీపెక్కించుకుని ఏదో ఒక దారి పట్టుకుని పోవడమే. "సెలవులోనూ రోడ్లేనా?" అని భార్య దెప్పితే, "ఆఫీసు రోడ్లు వేరు, మన రోడ్లు వేరు," అనేవాడు.

ఆయనకో అలవాటు ఉండేది. ఎవరి దగ్గర సెలవు తీసుకున్నా, "మా వైపొస్తే ఇంటికి రండి, తప్పకుండా," అనేవాడు. టీ ఇచ్చినవాడికి, రైలు గేటు తీసినవాడికి, దారి చెప్పిన ముసలమ్మకి, అందరికీ అదే పిలుపు. పెళ్ళయిన కొత్తలో సముద్రం పక్కన ఒక రోడ్డు మీద తిరిగొస్తూ, పరధ్యానంలో ఆ రోడ్డుకీ అదే మాట చెప్పాడు. మనుషులైతే ఇలాంటి మాట విని తల ఊపి ఊరుకుంటారు. రోడ్డుకి ఆ లౌక్యం ఎక్కడిది? మర్నాడు పొద్దున్నే ఇసక రాల్చుకుంటూ వచ్చి గేటు ముందు నడుం వాల్చింది.

అప్పటినించీ ఆ ఇంటికి రాకపోకలు మొదలయ్యాయి. వాళ్ళుండే వీధి కాస్త పక్కకి జరిగి చోటిచ్చేది. "మీకు చుట్టాలొచ్చినట్టున్నారే," అని ఎదురింటావిడ అడిగి, తన సైకిలు లోపల పెట్టుకునేది. రోడ్డు ఇలా వచ్చేసిన ఊరివాళ్ళు ఆ నాలుగు రోజులూ పొలాలకి అడ్డం పడి నడిచేవాళ్ళు. ఆఫీసు రిజిస్టరులో ఆయన దాని పేరుకెదురుగా 'సెలవులో ఉన్నది' అని రాయించేవాడు.

భార్యది ఒకటే ఫిర్యాదు. "మీ చుట్టాలు అందరూ అందరే. వట్టి చేతులతో ఊపుకుంటూ వస్తారు. పోయేటప్పుడు మాత్రం బకెట్లకి బకెట్లు తాగిపోతారు." అన్నదే గానీ ఏ రోడ్డునీ ఎండబెట్టి పంపలేదు.

వాళ్ళమ్మాయి ఆ రోడ్ల మీదే పెరిగింది. ఇసకరోడ్డు మీద తప్పటడుగులు వేసింది. తారురోడ్డు మీద సైకిలు నేర్చుకుని మోకాళ్ళు గీరుకుంది. అలాంటి పిల్ల కొండమీద బళ్ళో పంతులమ్మగా చేరి, అక్కడి పంతులుగారినే పెళ్ళి చేసుకుంటానంది. ఇంజనీరుగారు కాదనలేదు, ఔననలేదు. కొండ మీదికి మొదటిసారి రోడ్డు వేసింది ఆయనే. దాని ప్రతి మలుపూ ఆయన కాళ్ళు అరిగేలా నడిచి గుర్తు పెట్టినదే. తన చేత్తో వేసిన రోడ్డే తన పిల్లని పట్టుకుపోయిందని ఆయనకి ఉక్రోషం. అది ఎవరితోనూ చెప్పలేదు, దేవుడితో కూడా.

అమ్మాయి అత్తారింటికి బయల్దేరిన రోజున ఆయన జీపు టైర్ల దగ్గర గొంతుక్కూర్చుని గాలి చూస్తూ ఉండిపోయాడు. "నాన్నా, వెళ్ళొస్తా," అని కూతురు రెండుసార్లు అంది. "వెళ్ళిరా" అనే మాట ఆయన నోట రాలేదు.

ఆ తరవాత కూతుర్ని చూడ్డానికి వెళ్ళేవాడు గానీ, కొండ కింద జీపు ఆపి, మేకలు ఎక్కే కాలిబాటన ఆయాసపడుతూ ఎక్కేవాడు. దిగేటప్పుడు దారిలో కనిపించిన ప్రతి మనిషినీ ఇంటికి రమ్మనేవాడు. ఆ రోడ్డుని మాత్రం పిలవలేదు. అది కూడా ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడు వానలు విడవకుండా కురిశాయి. అమ్మాయికి నెలలు నిండాయి. ఒక పొద్దున అల్లుడు ఫోన్ చేశాడు.

"మామయ్యగారూ, బిడ్డ అడ్డం తిరిగిందట. ఇక్కడ లాభం లేదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి, ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదమేనని నర్సమ్మ అంటోంది. ఊళ్ళోవాళ్ళ జీపులో పడుకోబెట్టి దింపుతుంటే, దారిలో కొండచరియ విరిగిపడి ఉంది. రోడ్డే కనపడటం లేదు. కాలిబాట కొట్టుకుపోయింది."

ఇంజనీరుగారు వెళ్ళేసరికి కొండ కింద మట్టి తీసే బండ్లు దిగబడి ఉన్నాయి. ఎంత తోడితే అంత జారుతోంది. ఆయనతో పాటు ఆ రోడ్డు వేసిన రోలరు డ్రైవరు తలకి గోనెసంచి కప్పుకుని నిలబడ్డాడు.

"ఎన్ని రోజులు పడుతుంది?" అన్నాడు ఇంజనీరుగారు.

"వారం. వాన ఆగితే." డ్రైవరు గోనెసంచి సర్దుకుని, "సార్, ఊళ్ళో రోడ్లన్నిటినీ ఇంటికి పిలిచారు. దీన్నొక్కదాన్నీ పిలవలేదు. ఎందుకో నేను అడగను. ఇప్పుడు పిలవండి," అన్నాడు.

"ఏ మొహం పెట్టుకుని పిలవను?"

"ఉన్న మొహమే సార్. అది మీరు వేసిందేగా, ఎరగదా?"

ఆయన గొడుగు పక్కన పెట్టి మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచెయ్యి లోపలికి దించి తడిమితే, చల్లగా తారు అంచు తగిలింది. "ఇన్నాళ్ళూ నిన్ను పలకరించలేదు. మనసులో పెట్టుకోకు," అన్నాడు. "నువ్వు చేసిన తప్పేమీ లేదు. మా ఇంటికి రా. అమ్మాయిని తీసుకుని రా."

ఇంటికొచ్చాక భార్య తువ్వాలిస్తూ అడిగింది. "పిలిచారా?"

"పిలిచాను."

"అందరికీ చెప్పినట్టే చెప్పారా?"

"లేదు," అన్నాడు. ఆవిడ ఆయన మోకాళ్ళకున్న మట్టి చూసింది. చీపురు తీసుకుని వానలోనే ఇంటి ముందు ఊడ్చింది.

ఆయన దేవుడి గూటి ముందు నిలబడ్డాడు. ఎప్పట్లాగే జరిగింది చెప్పబోయి, మధ్యలో ఆపేశాడు. "పిల్లని ఇంటికి చేర్చు," అన్నాడు. అన్నేళ్ళలో ఆయన అడిగింది అదొక్కటే.

మామూలుగా ఏ రోడ్డైనా పిలిచిన మర్నాటికి గానీ రాదు. ఇది మాత్రం ఆ మధ్యాహ్నమే వచ్చింది. ముందు తడిమట్టి వాసన వచ్చింది. వీధి గబగబా ఒదిగింది. నిద్ర లేచినవాళ్ళు దుప్పటి తీసి పక్కన పడేసినట్టు, కొండరోడ్డు తన మీదున్న మట్టినంతా అక్కడే వదిలేసి, మలుపులన్నీ దగ్గరికి ముడుచుకుని గేటు దాకా వచ్చి ఆగింది. దాని మీద జీపు. జీపులో అమ్మాయి తల ఒళ్ళో పెట్టుకుని అల్లుడు.

భార్య జీపులోకి ఎక్కుతూ రోడ్డు వంక ఒకసారి చూసింది. "నువ్వొక్కదానివే వట్టి చేతులతో రాలేదు," అంది.

పెద్దాసుపత్రి రెండు వీధుల అవతలే. దీపాలు పెట్టే వేళకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

పిల్లకి మెడ నిలిచేదాకా కొండరోడ్డు కూడా ఉండిపోయింది. ఈలోగా అక్కడ మట్టి తీయడం సులువైందని రోలరు డ్రైవరు కబురు పంపాడు. ఇంజనీరుగారు రోజూ సాయంత్రం దాని మీద మనవరాలిని ఎత్తుకుని తిరిగేవాడు. తాను గుర్తు పెట్టిన ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఇక్కడ బండ అడ్డొచ్చింది, ఇక్కడ మీ అమ్మ నాకు కారియర్ తెచ్చింది అని పిల్లకి చెప్పేవాడు.

వెళ్ళే రోజు వచ్చింది. అమ్మాయి పిల్లని పొదివి పట్టుకుని జీపెక్కింది. ఇంజనీరుగారు అలవాటుగా టైరు దగ్గరికి వంగాడు.

"గాలి బాగానే ఉంది నాన్నా," అంది కూతురు.

ఆయన లేచి నిలబడ్డాడు. కూతురి తల మీద చెయ్యి పెట్టాడు.

"వెళ్ళిరా తల్లీ," అన్నాడు. తరవాత రోడ్డు వైపు తిరిగి, "నువ్వు కూడా," అన్నాడు.

రోడ్డు మెల్లగా సర్దుకుని కదిలింది. వీధి మళ్ళీ తన చోటికి వచ్చింది. చూస్తే, గేటు పక్కన ఒక మైలురాయి మిగిలిపోయి ఉంది.

"అయ్యో, మరిచిపోయింది," అంది భార్య. "ఎవరితోనైనా పంపిద్దామా?"

ఇంజనీరుగారు దాని మీద దుమ్ము చేత్తో తుడిచాడు.

"ఉండనీ," అన్నాడు. "దానికోసమైనా మళ్ళీ వస్తారు."