విమానం చాటున పాట

శంకరయ్య బ్యాండు వాయించిన పెళ్లిలో పప్పుచారు బాగాలేదని ఎవరైనా అన్నా కుర్మయ్య ఊరుకునేవాడు కాదు. అతని లెక్కలో బ్యాండును అన్నా, ఆ పెళ్లిని అన్నా ఒకటే. శంషాబాద్ చుట్టుపక్కల ఏ ఊళ్లో ఆ బ్యాండు కుదిరినా, పిలుపు ఉన్నా లేకున్నా, ఉతికిన ధోవతి కట్టుకుని మాస్టరుకు నాలుగడుగుల వెనక నడవాల్సిందే. మొదట్లో పెళ్లివాళ్లు ఈయన ఎవరని అడిగేవారు. కొన్నేళ్లకు బ్యాండుతో పాటు వచ్చే సామాను కింద జమకట్టి అడగడం మానేశారు.

"పెండ్లినాడు గూడ నా దిక్కు సూడలే ఈయన, క్లారినెట్ దిక్కే సూసిండు" అని అతని భార్య శివమ్మ వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేది. అందులో అబద్ధం లేదు. ముప్పై రెండేళ్ల కింద ఆ పెళ్లిలో వాయించింది శంకరయ్యే. అప్పటికి అతనికి నిండా ముప్పై లేవు, మాస్టరయ్యి ఏడాది కూడా కాలేదు. కుర్మయ్య అంతకన్నా ఆరేళ్లు చిన్న. ఆ రోజు పట్టిన పిచ్చి మళ్లీ వదల్లేదు.

కాస్త కలిగిన ఇళ్లలో పెళ్లి అంటే రెండు బ్యాండ్లు రావాలి. పిల్ల తరఫున ఒకటి, పిలగాడి తరఫున ఒకటి. ఎదుర్కోళ్ల దగ్గర రెండూ ఎదురెదురుగా నిలబడి మూడేసి పాటలు వాయిస్తాయి. తరువాత ఒక పెద్దమనిషి, బాగా వాయించిన మాస్టరు తలకు ఎర్ర రుమాలు చుడతాడు. రుమాలు కట్టించుకున్న బ్యాండు ముందు నడుస్తుంది, రెండోది వెనక నడుస్తుంది. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఎవరు వెనక నడిచారో పదేళ్లయినా ఊళ్లు మరిచిపోవు.

ఆ పెద్దమనిషిగా చాలాసార్లు కుర్మయ్యనే పిలిచేవారు. చదువు అయిదో తరగతి, వాయిద్యం ఒక్కటీ ముట్టుకోలేదు, కానీ చెవి మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేసినట్టుండేది. ఒకసారి ఆరాంఘర్ దిక్కు నుంచి వచ్చిన మాస్టరును పక్కకు పిలిచి, నీ ఎడమచేతి ఉంగరపు వేలు ఆలస్యంగా లేస్తున్నది, దెబ్బ తగిలిందా అని అడిగాడు. వారం కింద తలుపు సందులో నలిగిందట.

ఇంత చెవి ఉన్నవాడు శంకరయ్య బ్యాండు పోటీలో ఉంటే మాత్రం తీర్పు ఇంటి దగ్గరే రాసుకుని వచ్చేవాడు. రుమాలు శంకరయ్యకే. ఎదుటి మాస్టర్లకూ అది తెలుసు. కుర్మయ్య నిలబడి ఉన్నాడంటే వెనక నడవడానికి సిద్ధపడి వాయించేవారు. నిజం చెప్పాలంటే చాలా ఏళ్లు ఆ తీర్పు న్యాయమైనదే, అందుకే ఎవరూ గొడవ పడలేదు.

పెళ్లి అయిన మర్నాడు పొద్దున శంకరయ్య కుర్మయ్య ఇంటికి వచ్చేవాడు. ఇంటి ముందు గద్దె మీద కూర్చునేవాడు. శివమ్మ చాయ్ ఇచ్చేది. సగం తాగి, "ఎట్లుండె?" అని అడిగేవాడు. "ఏం తక్కువుండె అన్నా" అనేవాడు కుర్మయ్య. శంకరయ్య తల ఊపి, మిగతా సగం తాగి, లేచి వెళ్లిపోయేవాడు. ముప్పై రెండేళ్లలో ఈ మాటలు మారలేదు. అంత పెద్ద మాస్టరు తన గడప తొక్కి తనతో చాయ్ తాగడమే తన బతుకులో దక్కిన గౌరవం అనుకునేవాడు కుర్మయ్య. ఊళ్లో కూడా అలాగే చెప్పుకునేవాడు, కొంచెం పెంచి.

రెండువేల ఎనిమిదిలో విమానాలు దిగడం మొదలైంది. కుర్మయ్య జొన్న పండించిన చేను ఎక్కడుండేదో ఇప్పుడు అతనే సరిగ్గా చూపించలేడు. విమానాశ్రయం రోడ్డు మధ్య కాగితప్పూల చెట్లకు నీళ్లు పట్టే పని దొరికింది. పెళ్లి ఉన్ననాడు సెలవు ఇస్తేనే చేస్తానని చెప్పి మరీ చేరాడు. బ్యాండ్లకు మాత్రం ఆ ఏడాది కష్టకాలం వచ్చింది. పాట మధ్యలో నెత్తి మీద నుంచి విమానం దిగితే కొందరు ఆగిపోయేవారు, కొందరు డ్రమ్ములు పగిలేట్టు బాదేవారు. శంకరయ్య మాత్రం పట్టిన స్వరం వదలకుండా విమానం దాటిందాకా నిలబెట్టేవాడు. చప్పుడు పోయాక చూస్తే ఆ స్వరం ఇంకా అక్కడే ఉండేది. "విమానమే పక్కకు తప్పుకున్నది, మా అన్న తప్పుకోలే" అని కుర్మయ్య నెలల తరబడి చెప్పుకున్నాడు.

రెండువేల పదిలో షుగర్ వచ్చి శంకరయ్య పై వరస పళ్లు నాలుగు ఊడాయి. క్లారినెట్ మూతి మీద ఆనేవి ఆ పళ్లే. కట్టుడు పళ్లు పెట్టించుకుని నెలలోపే మళ్లీ పెళ్లికి వచ్చాడు. మూడో పాటలో స్వరం పైకి ఎక్కే చోటు ఒకటి ఉంది, శంకరయ్య పేరంతా ఆ ఎక్కడంలోనే ఉంది. ఆ చోటు దగ్గర క్లారినెట్ నుంచి ఉత్త గాలి వచ్చింది. డ్రమ్ముల హోరులో ఎవరూ గమనించలేదు. కుర్మయ్య ఒక్కడే విన్నాడు. మర్నాడు శంకరయ్య చాయ్‌కి వచ్చి, "ఎట్లుండె?" అన్నాడు. "ఏం తక్కువుండె అన్నా" అన్నాడు కుర్మయ్య.

తరువాతి పెళ్లి నుంచి ఒక వింత మొదలైంది. ఆ ఎక్కే చోటు వచ్చేసరికి సరిగ్గా నెత్తి మీద విమానం ఉండేది. శంకరయ్య కింది వరసనే తిప్పి తిప్పి వాయిస్తూ, ఓరకంట ఆకాశం చూస్తూ ఉండేవాడు. విమానం కనబడగానే క్లారినెట్ పైకెత్తి, బుగ్గలు ఉబ్బించి, వేళ్లన్నీ ఉండాల్సిన చోట ఉంచి ఊదేవాడు. చప్పుడు తగ్గేసరికి మళ్లీ కింది వరసలోకి వచ్చేవాడు. జనం ఈలలు వేసేవారు. విమానంతో పోటీకి నిలిచాడని పది ఊళ్లలో పేరు ఇంకా పెరిగింది. నాలుగడుగుల దూరంలో ఉన్న ఆ చెవికి విమానం అడ్డం కాదు. అక్కడ పాట లేదని కుర్మయ్యకు తెలుసు.

తెలిసి ఏం చేశాడు? క్లారినెట్ మూతికి బిగించే కొత్త రీడును తిట్టుకున్నాడు, చలిని తిట్టుకున్నాడు, పళ్లు కట్టినవాణ్ని తిట్టుకున్నాడు. శంకరయ్యను మాత్రం తిట్టలేకపోయాడు. బాగాలేదని ఒకసారి అంటే ఆ బ్యాండు ఉండదని, అది లేని పెళ్లిళ్లలో తను ఎవరి వెనక నడవాలో తెలియదని అతని భయం. మూడేళ్లు ఆ భయంతోనే రుమాళ్లు చుట్టాడు.

రెండువేల పదమూడు మాఘమాసంలో ఒక పెళ్లి జరిగింది. పిలగాడి తరఫున శంకరయ్య బ్యాండు, పిల్ల తరఫున మహేశ్వరం నుంచి రామచంద్రయ్య బ్యాండు. రామచంద్రయ్యకు నలభై దాటి ఉండవు, మనిషి నెమ్మది. ఫంక్షన్ హాలు గేటు ముందు, పొద్దున పది గంటలకు, రెండు బ్యాండ్లూ ఎదురెదురుగా నిలబడ్డాయి. చెట్ల పనిలో కుర్మయ్య పైఅధికారి, తెనాలి నుంచి వచ్చి రాజేంద్రనగర్‌లో స్థిరపడిన రాఘవయ్య, పెళ్లికి వచ్చి అతని పక్కనే నిలబడ్డాడు. ఆయనకు సంగీతం తెలుసు. తెలుసునని ఎదుటివాళ్లకు కూడా తెలియాలని ఆయనకు కొంచెం కోరిక.

ముందు రామచంద్రయ్య వాయించాడు. మూడో పాట సగంలో విమానం వచ్చింది. అతను క్లారినెట్ దించి, డ్రమ్ములను చేత్తో ఆపి, పెద్దవాళ్లకు దారి ఇచ్చినట్టు నిలబడ్డాడు. చప్పుడంతా పోయాక, ఎవరూ మాట్లాడని ఆ సందులో, పైకి ఎక్కాడు. ఒక్క మెట్టు కూడా జారలేదు. కుర్మయ్య ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. ఆ వెంట్రుకల మీద అతనికి కోపం వచ్చింది.

తరువాత శంకరయ్య. కింది వరస తొమ్మిదిసార్లు తిప్పాడు. విమానం వచ్చింది, క్లారినెట్ లేచింది, ఈలలు పడ్డాయి. రాఘవయ్య ముచ్చటపడి, "విమానంతోనే జుగల్బందీ పెట్టాడయ్యా మీ మాస్టరు. మా తెనాలి సన్నాయి వాళ్లు కూడా ఈ పని చెయ్యలేరు" అన్నాడు. కుర్మయ్య తల ఊపాడు.

రుమాలు కుర్మయ్య చేతికి ఇచ్చారు. రామచంద్రయ్య ఒకసారి కుర్మయ్య కళ్లలోకి చూశాడు. విమానం కింద పాట లేదని అతనికీ తెలుసు. చూసి, తల దించుకుని, తన వాళ్లను వెనక్కి జరగమన్నాడు. కుర్మయ్య వెళ్లి శంకరయ్య తలకు రుమాలు చుట్టాడు. చుడుతుంటే ముడి రెండుసార్లు జారింది. శంకరయ్య అతని వైపు చూడలేదు.

మర్నాడు శంకరయ్య రుమాలు మడత పెట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. గద్దె మీద కూర్చున్నాడు. శివమ్మ ఇచ్చిన చాయ్ పక్కన పెట్టేశాడు.

"ఎట్లుండె?"

"ఏం తక్కువుండె అన్నా."

శంకరయ్య నోట్లో నుంచి కట్టుడు పళ్లు తీసి రుమాలు మీద పెట్టాడు. పెదవి లోపల పుండు పడి ఉంది. పళ్లు లేని నోటితో మెల్లగా మాట్లాడాడు.

"వాయించెటోనికి తన పాట సక్కగ ఇనబడదు కుర్మయ్యా. ఒక్కని చెవి పట్టుకో, ఆడు సాలు అన్ననాడు దించెయ్ అని మా ఉస్తాద్ చెప్పిండు. ఆయన బతికినన్నొద్దులు ఆయన చెవి. ఆయన పోయినంక నీ పెండ్లిల నిన్ను జూసి, గీ పిలగాడే అనుకున్న. ముప్పై రెండేండ్ల సంది నీ ఇంటికొస్తున్న. చాయ్ తాగనీకి గాదు."

గౌరవం అనుకున్నది పరీక్ష అని, అందులో మూడేళ్లుగా తను తప్పుతూ వస్తున్నాడని అప్పుడు అర్థమైంది.

"విమానం సాటుకు దాసిన. ఊరికి తెల్వదు, నువ్వు పట్టుకుంటవనుకున్న. పెండ్లి అయినప్పుడల్లా, ఇయ్యాల సెప్తడు అని వస్తున్న. నువ్వు తక్కువ లేదంటున్నవ్. తక్కువ లేకపోతే నేనెట్ల ఆపాలె? మూతి పగిలినా ఊదుతనే ఉన్న" అన్నాడు శంకరయ్య.

శివమ్మ లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడింది. కుర్మయ్యకు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువ దుఃఖం వచ్చింది. కళ్లు నేల మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

నిన్నటి పెళ్లిలో పైన ఒక్క స్వరమూ రాలేదన్నాడు. కార్తీకంలో గొల్లపల్లి పెళ్లిలో రాలేదు. అంతకు ముందు పాలమాకులలో రెండు వచ్చాయి, మూడోది చిరిగింది. అలా ఒక్కో పెళ్లి చెప్పుకుంటూ పళ్లు ఊడిన ఏడాది దాకా వెళ్లాడు. అక్కడ ఆగలేదు. పళ్లున్న రోజుల్లోకి వెళ్లాడు. జ్వరంతో వాయించిననాడు తాళం ముందుకు పరిగెత్తడం, తండ్రి పోయిన నెలలో రెండో పాట మధ్యలో మరిచిపోయి మొదటి పాటలోకి వెళ్లడం, కొత్త రీడు పెట్టిననాడు శ్రుతి కిందికి ఉండడం, అన్నీ చెప్పాడు. శంకరయ్య కళ్లార్పకుండా విన్నాడు.

"నా పెండ్లిల గూడ," అన్నాడు కుర్మయ్య చివరికి, "మూడో పాటల ఎక్కే కాడ ఒకటి జారింది."

శంకరయ్య నిటారుగా కూర్చున్నాడు. "అది ఎవ్వలు ఇనలే అనుకున్న."

"నేనిన్న."

"ఇని గూడ నా ఎంబడి ఎందుకు పడ్డవ్?"

"జారినంక ఆగి, మల్ల కిందికెల్లి ఎక్కినవ్ గద అన్నా. ఆ ఎక్కుడు కోసం."

వీధిలో ఎవరిదో ఆటో వెళ్లింది. శంకరయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. కట్టుడు పళ్లు రుమాలు మీద నుంచి తీసి జేబులో వేసుకుని, రుమాలు కుర్మయ్య ముందుకు జరిపాడు. ఇది మహేశ్వరం పోవాలి, రామచంద్రయ్య తలకు నువ్వే చుట్టాలి అన్నాడు. నువ్వు కూడా వస్తేనే పోతానన్నాడు కుర్మయ్య. వస్తానన్నాడు శంకరయ్య. తరువాత అడిగాడు.

"ఇగ సాలునా?"

తన జీవితంలో ఆ ఒక్క మాట అనకుండా ఉండడానికే కుర్మయ్య ఇన్ని రుమాళ్లు చుట్టాడు. ఇప్పుడు అనక తప్పదు. అన్నాడు.

"సాలు అన్నా."

శంకరయ్య తల ఊపాడు. పక్కన పెట్టిన చాయ్ తీసుకుని, చల్లారిపోయినా మొత్తం తాగాడు. ఎప్పుడూ లేచి వెళ్లిపోయేవాడు ఆ రోజు లేవలేదు. గోడకు వీపు ఆనించి, గ్లాసు శివమ్మ వైపు చాపి, ఇంకొంచెం ఉంటే పొయ్యమన్నాడు.