పచ్చ చుక్క

పూజ చేసింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కొంచెం తేలిక. జరిగినదానికి తుఫానును తిట్టారు, టవర్లను తిట్టారు, ఎక్కడో కూర్చుని ప్రోగ్రాం రాసినవాళ్లను తిట్టారు. నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు. నాకు ఎక్కువ మండేది దానికే.

గూడూరులో ఒక గది ఆఫీసు మాది. పేరు వాగు హెచ్చరిక కేంద్రం. పేరు చూసి పెద్దగా ఊహించుకోవద్దు. ఒక బల్ల, ఒక కంప్యూటర్, గొంతు బొంగురుపోయిన ఒక ఫ్యాను, నేను. తుమ్మలవాగు మీది లోలెవల్ వంతెనకు నాలుగు కిలోమీటర్ల ఎగువన, అడవిలో, ఇనుప స్తంభానికి ఒక పెట్టె బిగించారు. అది నీళ్లు కొలిచి మాకు పంపుతుంది. పైన ఎంత నీరుందో తెలిస్తే అరగంటలో వంతెన మీదికి ఎంత వస్తుందో తెలిసినట్టే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా కంప్యూటర్ తండాల ఫోన్లకు మెసేజ్ పంపుతుంది.

మా తండాలో చదువు రానివాళ్లే ఎక్కువ. అందుకని ప్రతి మెసేజ్ మొదట్లో ఒక చుక్క పెట్టించాను. ఆకుపచ్చ చుక్క వస్తే దాటొచ్చు, ఎర్ర చుక్క వస్తే దాటొద్దు. దాని కింద తేదీ, టైము, అడుగుల లెక్క అన్నీ ఉంటాయి గానీ వాటిని చూసేదెవరు? ఆ ఉపాయం నాదే. ఈ కేంద్రం నడిపే సంస్థవాళ్లు మెచ్చుకుని శాలువా కూడా కప్పారు. అది ఇప్పటికీ బీరువాలో ఉంది. తీసి చూసే ధైర్యం లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మెసేజ్‌లు పంపేది పైకి కనిపించే కంప్యూటర్ కాదు. ఆ ప్రోగ్రాం పాతది, కొత్త మెషీన్ మీద నడవదు. అందుకని మెషీన్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను సృష్టించి అందులో నడిపిస్తున్నారు. వర్చువల్ మెషీన్ అంటారు. చూడటానికి అదొక కిటికీ అంతే. కానీ దానికి దాని నంబరు, దాని నెట్ వేరే. సొంతింట్లో కిరాయి గది అనుకోండి. ఇంట్లో బల్బు వెలుగుతోందని కిరాయి గదిలో కూడా వెలుగుతుందని లేదు.

దసరా నాడు పొద్దున్నే ఆఫీసుకు వెళ్లి ఆయుధపూజ చేశాను. ట్రాక్టరుకు చేస్తాం, కొడవలికి చేస్తాం, కంప్యూటర్‌కు చేస్తే తప్పేంటి? వైర్లన్నీ పీకి, తడిబట్టతో తుడిచి, పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను. బంతిపూల దండ వేశాను. నిమ్మకాయ కోశాను. మళ్లీ వైర్లన్నీ పెట్టి ఆన్ చేస్తే నెట్ వచ్చింది. దండం పెట్టుకుని ఇంటికి పోయాను.

వారం తర్వాత గోప్యా ఫోన్ చేశాడు. మా చిన్నాయన కొడుకు, నాకంటే పెద్ద. ఆటో నడుపుతాడు. పత్తి ఏరే ఆడవాళ్లను పొద్దున వాగు దాటించి, సాయంత్రం తిరిగి తెస్తాడు. ఇంట్లో మాది లంబాడీ మాట. ఇక్కడ తెలుగు చేసి చెబుతున్నాను.

"చెల్లె, చుక్క వస్తలేదు."

"రీచార్జ్ చేసుకో. ఇక్కడ అంత మంచిగనే ఉంది" అన్నాను.

ఉంది మరి. లోపలి కిటికీలో పచ్చ చుక్క, పక్కన రెండడుగులు. రోజూ దాన్ని చూస్తూనే టిఫిన్ డబ్బా విప్పేదాన్ని. వానలు లేవు, వాగు ఎండుమొహం వేసింది, గోప్యా కూడా మళ్లీ అడగలేదు.

దసరా పోయిన ఇరవై ఏడో రోజు తుఫాను వచ్చింది. పొద్దున సన్నగా పడ్డ వాన మధ్యాహ్నానికి రేకుల మీద మాట వినపడనంతగా పెరిగింది. ఆఫీసు ముందు మోరీ పొంగి గడప దాకా నల్లనీళ్లు వచ్చాయి. మూడు గంటలకు గది కిటికీ మూద్దామని లేచి, మూశాక తెర వైపు చూశాను.

రెండడుగులు. పచ్చ చుక్క.

ఇంత వానకు అదే అంకె ఎలా ఉంటుంది? అప్పుడు, ఇరవై ఏడు రోజుల్లో మొదటిసారి, ఆ అంకె కింద తేదీ చదివాను. దసరా ముందు రోజుది. చుక్కను చూసి తేదీని చూడనిది మా తండావాళ్లే అనుకునేదాన్ని. ఆ లెక్కన నేనూ చదువు రానిదాన్నే.

యుగేందర్‌కు ఫోన్ చేశాను. మూడు జిల్లాల్లో ఇలాంటి మెషీన్లు చూసుకునేది అతనొక్కడే. నేను అన్నా అంటాను, అతను అక్కా అంటాడు, ఎవరు పెద్దో ఎప్పుడూ తేల్చుకోలేదు. ఆ రోజు తరిగొప్పులలో చిక్కుకుపోయి ఉన్నాడు.

"రోడ్లన్నీ బందయినయ్ అక్కా, నేను రాలేను. చెప్పినట్టు చెయ్. బయట నెట్ వస్తుందా?"

"మంచిగ వస్తుంది."

"లోపలి దాంట్ల?"

"పేజీ ఓపెన్ అయితలేదు."

లోపలి దానిలో నల్ల తెర తెరిపించి ఏదో కొట్టించాడు. నంబరు చదవమన్నాడు. నూట అరవై తొమ్మిదితో మొదలైంది.

"అంటే దానికి అడ్రస్ ఎవ్వరూ ఇస్తలేరు. అడిగి అడిగి, తనకు తనే ఒకటి పెట్టుకుంది. రూటర్‌కు పింగ్ కొట్టు."

కొట్టాను. ఉన్నావా అని పిలిస్తే జవాబు లేదని నాలుగు వరసలు వచ్చాయి. ఆపి మళ్లీ ఆన్ చేయమన్నాడు, చేశాను. సెట్టింగుల్లో వైరు తగిలించినట్టు టిక్కు ఉందా అన్నాడు, ఉంది. ఫైర్‌వాల్ తీసి చూశాం. జవాబు లేదు, జవాబు లేదు. బయట వాన తగ్గడం లేదు.

నాలుగుంబావుకు గోప్యా ఫోన్. యుగేందర్‌ను ఆగమని ఎత్తాను.

"వాగు అవతలి ఒడ్డున ఉన్నం చెల్లె. ఎనిమిది మంది ఆడోళ్లు ఉన్నరు. మీ యాడీ కూడ ఉంది. నీళ్లు వంతెన మీద పిక్కల దాక పారుతున్నయ్. గింతే అయితే దాటుత. పైనుంచి ఇంకెంత వస్తదో తెల్వదు. చేను కాడ షెడ్డు ఉంది, వద్దంటే రాత్రికి ఆడనే పండుకుంటం. ఏమంటవ్?"

యాడీ అంటే అమ్మ. మా అమ్మ రుక్కి. మోకాళ్ల నొప్పులు, వద్దంటే వినదు, పత్తి ఏరడానికి పోతుంది.

షెడ్డుకు పొండి అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట నా నోట రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు. నా మెషీన్ చెడిపోయిందని, ఇరవై ఏడు రోజులుగా చెడిపోయే ఉందని, నువ్వు చెబితే రీచార్జ్ చేసుకో అన్నానని ఒప్పుకోవాలి. సిగ్గు. అంతే.

"జర ఆగుండ్రి. ఇప్పుడే చుక్క పంపుత. చుక్క వచ్చినంక దాన్ని బట్టి చెయ్" అన్నాను.

"సరే, నువ్వు పంపినంకనే కదుల్త" అన్నాడు.

మళ్లీ యుగేందర్ లైనులోకి వచ్చేసరికి అతను వేరే దారిలో ఆలోచిస్తున్నాడు.

"అక్కా, ఎప్పటి నుంచి బందయింది?"

"దసరా నుంచి."

"దసరా నాడు ఏం చేసినవ్?"

చెప్పాను.

"దాని వెనుక ల్యాన్ వైరు పెట్టే సాకెట్లు రెండుంటయ్. బయటి మెషీన్‌కు ఏదైనా ఒకటే. లోపలి దాన్ని మాత్రం ఒక్కదానికే కట్టి పెట్టిన. వైరు ఇప్పుడు దేంట్ల ఉందో చూడు."

బల్ల జరిపి, ఫోన్ లైటు వేసి, మెషీన్ వెనక్కి వంగాను. బంతిపూల దండ ఎండి దారం మిగిలింది. కింది సాకెట్లో వైరు ఉంది. పై సాకెట్ ఖాళీ. దాని చుట్టూ పసుపు, నడినెత్తిన నేను పెట్టిన కుంకుమ బొట్టు ఎండిపోయి నల్లగా ఉంది. బొట్టు తడి అంటుతుందని వైరు ఆ రోజు కింది దానిలో పెట్టిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

వైరు పీకి పైదానిలో పెట్టాను. టక్కుమంది.

లోపలి కిటికీలో అడ్రస్ మారింది. పింగ్ కొడితే జవాబు వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"వచ్చింది అన్నా." నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మెసేజ్‌లు పోతున్నయ్."

"సూపర్ అక్కా. ఎన్ని అడుగులు చూపెడుతుంది?"

తెర మీద కొత్త వరస కదిలింది. పచ్చ చుక్క, రెండడుగులు, అందరికీ చేరింది. ఇంకో వరస. పచ్చ చుక్క, రెండడుగులు, అందరికీ చేరింది. ఇంకొకటి.

"రెండడుగులే అంటుంది. గిదేంది?"

"తేదీ చూడక్కా."

దసరా నాటి పొద్దున. దసరా నాటి సాయంత్రం. ఆ మరునాటి పొద్దున.

యుగేందర్ గొంతు మారింది. "అడవిలున్న పెట్టె ఇన్ని దినాలు రీడింగులు దాసుకుంది. దారి దొరికింది గద, పాతయి ముందుగాల పంపుతుంది. ఇయ్యాల్టిది అన్నింటి కన్న ఆఖరికి వస్తది. వైరు పీకు. ముందుగాల వైరు పీకు అక్కా."

పీకాను. అప్పటికి ఐదు పోయాయి. ఐదూ పచ్చవే. ఐదూ గోప్యా ఫోనుకు చేరాయని తెర చెబుతోంది. కింద తేదీలున్నాయి. గోప్యా తేదీలు చదవడు. చదవనక్కర్లేదని చుక్క పెట్టించింది నేనే.

యుగేందర్ ఫోన్ కట్ చేసి గోప్యాకు చేశాను. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆటో నడిపేటప్పుడు, అందులోనూ నీళ్లలో నడిపేటప్పుడు, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంటాయి.

అమ్మకు చేశాను. బటన్ల ఫోన్, నడుముకు కట్టుకున్న సంచిలో పెట్టుకుంటుంది, ఎప్పుడూ రెండోసారికి గానీ ఎత్తదు. ఆ రోజు మొదటిసారికే ఎత్తింది. ఫోన్ నిండా నీళ్ల చప్పుడు, ఆటో గుర్రుమంటోంది, ఆడవాళ్లు ఏదో అరుస్తున్నారు.

"యాడీ, ఎక్కడున్నరు? వెనుకకు పొండి, గోప్యన్నకు చెప్పు, వెనుకకు..."

"వినస్తలేదు బిడ్డా" అంది అమ్మ. గొంతులో భయమేమీ లేదు. ఇంటికి వస్తున్న మనిషి గొంతు. "పచ్చది వచ్చింది. ఒకటి కాదు, ఐదు వచ్చినయట. నువ్వే పంపినవని గోప్యా చెప్పిండు. వంతెన నడుమల ఉన్నం."

ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేస్తే మోగలేదు.