వరహాలు వినికిడి

పెళ్ళయిన పదహారేళ్ళకి వరహాలు పెళ్ళాన్ని తీసుకుని హనీమూనుకి పోయాడని చిలకమ్మ అందట. ఆ మాట ఆమెకి జన్నత్ బీ చెప్పిందట. పూర్ణా మార్కెట్ వెనక వరస ఇళ్ళలో జన్నత్ బీది వరహాలు వాళ్ళ పక్క గది. మధ్యలో ఒక్క ఇటుక మందం గోడ.

"నాలుగు నెల్లబట్టి రోజూ తగువే గదమ్మా. ఆ నారాయణమ్మ అరుపులకి మా ఆయనకి నమాజులో లెక్క తప్పిపోతంది. ఇప్పుడేమో పిల్లలిద్దర్నీ వాళ్ళమ్మ దగ్గర దింపీసి, దుప్పటీ గిన్నెలూ మూటగట్టుకుని సబ్బవరం బస్సెక్కినారు. తోటలో పాకంట. ఇద్దరేనంట" అని కుళాయి దగ్గర జన్నత్ బీ అంటే, చిలకమ్మ దానికి కాస్త తాలింపు పెట్టి వీధి చివరిదాకా వడ్డించింది.

పోయిన మాట నిజమే. తగువు మాట అబద్ధం. వరహాలుకి చెవులు పోతున్నాయి, అదీ సంగతి.

రేవులో సరుకు దించే ఒక కంపెనీలో అతను క్రేను డ్రైవరు. పద్నాలుగేళ్ళు ఇంజను పక్కనే ఇనప కేబిన్లో కూచున్నందుకు ముందు ఎడమ చెవి పోయింది. నాలుగు నెలల కిందట కుడి చెవి కూడా దాని వెనకే బయల్దేరింది. అన్నం పెట్టనా అని అడగాలన్నా నారాయణమ్మ అరవాల్సిందే. గోడ అవతలికి అది తగువులాగే చేరుతుంది. పనిలో మాత్రం కనిపెట్టినవాడు లేడనుకున్నాడు వరహాలు. కింద నుంచి చేతి సైగలు చూసి నడపడమే గదా అని అతని ధైర్యం. కానీ కంపెనీ డాక్టరు అందరికీ వరసగా చెవుల పరీక్ష పెడుతున్నాడు. వరహాలు వంతు సోమవారం. అందులో తప్పితే క్రేను దింపి ఇంటికి పంపేస్తారు.

అందుకని శనివారం పొద్దున్నే, గోడలూ చెవులూ లేని చోట మాట అందుకోవడం సాధన చేద్దామని వచ్చారు. పాక అప్పలసూరిది. ఓడ అడుగున దిగి బస్తాలకి తాళ్ళు కట్టే కళాసీ అతను, వరహాలు క్రేను కిందే పని. జీడిపిక్కల కాలంలో కాపలాకి వేసుకున్న తాటాకు పాక అది. లోపల నులకమంచం, బయట మూడు రాళ్ళ పొయ్యి, కుండతో నీళ్ళు. నడుం వంచితేగాని దూరలేం.

"ఇదీ కేబినే. నానెక్కడికెల్నా కేబినే రాసిపెట్టుంది" అన్నాడు వరహాలు లోపలికి వంగుతూ.

నారాయణమ్మ నవ్వింది. తోటంతా రాలిన జీడిపళ్ళ వాసన. పదహారేళ్ళలో మధ్యాహ్నం పూట ఆమె పడుకున్నది పురుళ్ళప్పుడే. చెట్టు నీడలోకి మంచం లాక్కుని అలా వాలిందో లేదో ఒళ్ళు మరిచి నిద్రపోయింది. లేచేసరికి వరహాలు జీడిపళ్ళు ముక్కలు కోసి, ఉప్పూ కారం జల్లి, ఆకులో పెట్టి పక్కన కూచునున్నాడు. రోడ్డు మీద ఉక్కు ఫ్యాక్టరీ పనికి రాయి మోసే లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"ఎంత సల్లగుందే. ఒక్క సప్పుడు నేదు" అన్నాడు అతను, హాయిగా.

నారాయణమ్మ చేతిలో ముక్క ఆకులోనే పెట్టేసి, లారీ పోయిన వైపు చూసింది.

సాయంత్రం మొదలుపెట్టారు. అతన్ని అటు తిరిగి నిలబడమని, ఆమె పదడుగుల వెనక నుంచి మామూలు గొంతుతో మాట్లాడేది. కుండ అంటే ఎండ అన్నాడు. చింతపండు అంటే ఇంకెప్పుడు అన్నాడు. మొదట ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె ఒక్కో అడుగే ముందుకి జరిగింది. మూడడుగుల దగ్గరికి వచ్చాకగాని ఒక్క మాటా సరిగ్గా దొరకలేదు.

"ఇప్పుడెంత దూరంలో ఉన్నావే?"

"ఎనకే ఉన్నాను" అంది ఆమె, చెవి దగ్గరికి వచ్చి గట్టిగా.

అతనికి అర్థమైంది. మంచం మీద కూలబడ్డాడు. "క్రేను దిగిపోతే నాకింకేటొచ్చునే? దుక్కి దున్నడం కూడా మరిసిపోనాను."

మర్నాడు ఎండెక్కకముందే అప్పలసూరి సైకిలు మీద వచ్చాడు. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకుండా వేలంపాటలో దొరికిన వంజరం చేప ముక్కలు సంచీలో ఉన్నాయి.

"ఏటి సెల్లీ, కొత్త పెళ్ళికొడుకు ఇలా వాడిపోనాడు? కూడెట్టలేదేటి?"

"పెట్టినాను గానీ ఆయనకి పిలుపే ఇనబడలేదన్నా" అంది ఆమె.

అప్పలసూరి వరహాలు ఎదురుగా గొంతుక్కూచుని, మొహంలో మొహం పెట్టి గట్టిగా చెప్పాడు. "నిన్న పరీచ్చకెల్లినోళ్ళు నలుగుర్ని అడిగీసేను బావా. ఆ డాక్టరు ముసిలోడు. గోడకేసి నిలబెట్టి ఎనక నుంచి అయిదే అడుగుతాడు. పేరేటి, ఏ ఊరు, పిల్లలెంతమంది, ఎన్నేళ్ళ సర్వీసు, ఈరోజు ఏ వారం. అందరికీ అయ్యే, అదే వరస. ఒక్కోటి అడిగేముందు టేబిలు మీద స్కేలుతో కొడతాడు. ఆ దెబ్బ ఇనబడితే సాలు, మిగతాది నోటికి పట్టీయ్."

వరహాలు మొహం విచ్చుకుంది. అతన్ని చెట్టుకేసి నిలబెట్టి, నారాయణమ్మ పదడుగుల వెనక పాత చెక్కపెట్టె మీద గరిటెతో టక్కుమని కొట్టింది. ఆ చప్పుడు అతనికి అందింది.

"పేరేటి?"

"బోని వరహాలు."

టక్కు. "ఏ ఊరు?"

"యిశాపట్నం."

అయిదూ తప్పకుండా చెప్పాడు. రెండోసారీ చెప్పాడు. మూడోసారి ఎంత చురుగ్గా చెప్పాడంటే అప్పలసూరి తొడ చరిచి, "డాక్టరికే సెముడేమో సూసుకోమను" అన్నాడు. నారాయణమ్మ చేపలు పొయ్యి మీద పెట్టింది. మనసు తేలికైంది. తిన్నాక ఇంకొక్కసారి అన్నారు. నాలుగోసారి గరిటె పట్టుకున్నప్పుడు ఆమెకో ఆశ పుట్టింది. ఇన్నిసార్లు తప్పలేదంటే, ఈ గాలికో ఈ విశ్రాంతికో చెవి నిజంగానే కాస్త తెరుచుకుందేమో.

పేరయింది. ఊరయింది. టక్కున కొట్టి, ఆమె మూడో ప్రశ్న అడగలేదు.

"ఆపు మావా, కింద మనిషున్నాడు" అంది. చెప్పడం గట్టిగానే చెప్పింది.

"ఇద్దరు" అన్నాడు వరహాలు. "ఒక మగ, ఒక ఆడ."

అప్పలసూరి నవ్వబోయి మానేశాడు.

వరహాలు ఇంకో టక్కు కోసం చూసి చూసి వెనక్కి తిరిగాడు. నారాయణమ్మ అతని ముందుకి వచ్చి, తను ఏమడిగిందో, అతనేం చెప్పాడో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. అతని మొహం మొదట చిన్నబోయింది, తరవాత ఎర్రబడింది.

"డాక్టరు అలాటిదడగడు గదే."

"డాక్టరు సంగతి కాదు నానడిగింది."

"మరింకెవడి సంగతే? పిల్లలేటి తింటారు, అది సెప్పు. నాలుగు నెల్లబట్టి ఈ సెవుల్తోనే నడుపుతన్నాను. ఒక్కడికి గోరు సిట్లిందేటి?" స్నేహితుడి వైపు తిరిగాడు. "కిందే ఉంటావు గదా, నువ్వు సెప్పు బావా దీనికి."

అప్పలసూరి చేతిలో జీడిపిక్క పక్కన పెట్టాడు. బావకి అందేలాగే, గట్టిగా అన్నాడు.

"నాలుగు నెల్లబట్టి నాను నీ కొక్కెం కింద నిలబడ్డం మానీసేను."