ఎంత రోంత?

మధ్యాహ్నం ఎగరాల్సిన హైదరాబాదు విమానం పొద్దు వాలుతున్నా నేల వదల్లేదు. అనంతపురం చుట్టుపక్కల ఉన్న ఆ ఒక్క చిన్న విమానాశ్రయంలో ప్యాసింజర్లు అప్పటికే మూడు పార్టీలుగా చీలిపోయారు. ఒక పార్టీ ధర్నాకు జాగా వెతుకుతోంది. బయట గాలి ఎండిన శనగ చేల మట్టిని తెచ్చి అద్దాలకు అలుకుతోంది.

"ఏమప్పా!" హనుమంతప్ప కౌంటర్ మీద గుద్దాడు. శింగనమల వైపు చీనీ బత్తాయిల వ్యాపారి. మేనకోడలి పెండ్లికి పోతున్నాడు. "నేను పొద్దున్నే నడ్చుకుంటా బయల్దేరింటే ఈపాటికి కర్నూలు దాటింటి. ఇంగెంతసేపు?"

"రోంత సేపన్నా," అన్నాడు కౌంటర్ వెనకున్న కంపెనీ మనిషి వేణుగోపాల్.

నోరు దానంతటదే అనేసింది. అన్నాక నాలుక కరుచుకున్నాడు. వారం రోజులుగా ఆ మాట అన్నప్పుడల్లా ఇదే వరస.

రోంత అంటే కొంచెం అని బయటి వాళ్లు అనుకుంటారు. అనంతపురం జిల్లాలో అది కొంచెం కాదు, ఒక కొలత. దాని పొడవెంతో చేసిన దేవుడు కూడా మర్చిపోయాడు. రోంత వాన అంటే ఒక్క చినుకు, అదీ పక్కూర్లో. రోంత దావ అంటే మూడు ఊర్ల దూరం, ఒక వంక, వెంటపడే రెండు కుక్కలు. రోంత కారం అంటే ఆస్పత్రి. ఇంతగా సాగే సరుకు రబ్బరు తోటల్లో కూడా పండదు. దాన్ని విమానాల్లో మొట్టమొదట వాడిన ఘనత వేణుగోపాల్‌ది.

అతని ఉద్యోగం అట్లాంటిది. పైలట్ ఇన్ని గంటలకు మించి పని చేయకూడదని రూలుంది. గడువు మీరితే ఇంకాస్త పొడిగించాలా వద్దా అన్నది కెప్టెన్ ఇష్టమట. రూల్లో ఆ మాట ఉన్నాక, కంపెనీకి ఆ ఇష్టాన్ని పుట్టించే మనిషి కావాలి కదా. వేణుగోపాల్ పుట్టిస్తాడు. గదిలోకి పోయి, చేతులు కట్టుకుని, పెండ్లికొడుకు మేనమామలా నవ్వి, "రోంత సర్దుకోండి సార్" అంటాడు. అంతే, విమానం లేస్తుంది. బెంగళూరులోని మేనేజర్ భరత్‌కుమార్ మెచ్చుకుని అతని ఫోటోను ఆఫీసు గోడ మీద పెట్టించాడు. నెలనెలా వచ్చే ఇరవై రెండు వేల జీతానికి అదనంగా దొరికింది ఆ ఫోటోనే.

పోయిన వారం కెప్టెన్ ఆనంద్‌తో కూడా ఆ మాటే అన్నాడు. ఆనంద్ కాకినాడ మనిషి.

"రోంతంటే కొంచెమే కదండీ, వేణుగారూ?" అని అడిగాడు.

"కొంచెమే సార్."

ఆ ట్రిప్పు ముగించుకుని తిరిగొచ్చిన విమానం ఇక్కడ దిగలేదు. ముందు పడింది, తర్వాత దిగింది. పై అరల్లోని సంచులన్నీ ఒక్కసారిగా కిందికొచ్చాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఒక పెద్దాయన ఒళ్లో పెట్టుకున్న తిరుపతి లడ్డూ మాత్రం బూందీ అయింది. అందరూ వెళ్లిపోయాక ఆనంద్ విమానం మెట్ల మీద కూర్చుని, మామూలు గొంతుతో వేణుగోపాల్‌కు చెప్పాడు.

"రెండు రన్‌వేలు కనపడ్డాయండీ. ఒకటి ఎంచుకున్నాను."

ఇక్కడున్నది ఒకటే.

కెప్టెన్ అంచనా తప్పిందని తేల్చి కంపెనీ ఆనంద్‌ను ఇంట్లో కూర్చోబెట్టింది. వేణుగోపాల్‌ను ఎవరూ ఏమీ అడగలేదు. అతనూ ఏమీ చెప్పలేదు. మొన్న ఆనంద్ తనే ఫోన్ చేశాడు. "మీరేం బాధపడకండి. ఒప్పుకున్నది నేనే కదండీ," అన్నాడు. తిట్టి ఉంటే ఆ పూట అన్నం దిగేది.

ఇప్పుడు మళ్లీ ఫోన్ మోగింది. భరత్‌కుమార్.

"వేణూ, రెబెకా మేడమ్ గడువు దాటిపోతోంది. పొడిగించమని చెప్పు. నీ స్టైల్లో."

"తెల్లారకముందే డ్యూటీ ఎక్కినారు సార్. మధ్యలో విమానం చెడిపోయి, బాగయ్యేదాకా దాంట్లోనే…"

"చెడిపోయినంతసేపూ ఆమె కూర్చునే ఉంది కదయ్యా! అది రెస్టు కాదా?"

ఎండలో నిలబెట్టిన ఇనుప డబ్బాలో కూర్చోవడం రెస్టయితే, పెనం మీద దోసె కూడా రెస్టు తీసుకుంటున్నట్టే. ఈ మాట వేణుగోపాల్ మనసులోనే అనుకుని, ఫోన్ మ్యూట్‌లో పెట్టి పైలట్ల గదికి నడిచాడు.

కెప్టెన్ రెబెకా బూట్లు కూడా విప్పకుండా, కుర్చీలో నిటారుగా కూర్చుని టీ తాగుతోంది. గుంతకల్లు రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్ల. వాళ్ల నాయన గూడ్సు రైళ్లు నడిపినాయన.

"మేడమ్, పైనుంచి ఫోను. ఇంగొక్క ట్రిప్పు. రోంత…"

"యా రోంతన్నా?" ఆమె తల ఎత్తకుండానే అడిగింది. "వాన రోంతనా, దావ రోంతనా?"

వేణుగోపాల్ నవ్వబోయాడు.

"ఆ మాట నాకాడ చెల్లదులే. నేనూ ఈ పక్కదాన్నే. ఆనంద్ సార్‌కు తెలీక మోసపోయినాడు పాపం."

"టీ ఎట్లుండాది మేడమ్?" వేణుగోపాల్ మాట మార్చాడు.

"బాగుండాది. చక్కెరే రోంత ఎక్కువైనట్లుండాది."

ఆమె సాసరులో చింపిన పొట్లం ఉంది. దాని మీద మిరియాల బొమ్మ. పక్కనే రెండు చక్కెర పొట్లాలు, చింపకుండా ఉన్నాయి.

"నేను కాదంటే నా పేరు పక్కన 'మాట వినదు' అని పడతాది. అయినా నేను కాదనలేదులేన్నా. పోదామంటే పోదాం. నువ్వెట్లంటే…" మాట మధ్యలోనే రెబెకా కండ్లు మూసుకుపోయాయి. చేతిలో కప్పు వాలుతోంది. వేణుగోపాల్ దాన్ని మెల్లగా అందుకుని, బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి బయటికొచ్చాడు.

ఫోన్‌లో భరత్‌కుమార్ ఇంకా ఉన్నాడు. "ఒప్పుకునిందా?"

ఒప్పుకుంది. ఆ మాట చెబితే విమానం లేస్తుంది. ఒప్పుకోలేదంటే రేపు ఆమె కూడా ఇంట్లో కూర్చుంటుంది.

"నేను అడగలేదు సార్."

"ఏం? ఎందుకడగలేదు?"

"అడగను సార్. ఎవురన్నా పేరు రాసుకోవాలంటే నాది రాసుకోండి."

అవతల ఏవో అరుపులు. వేణుగోపాల్ ఫోన్ కట్ చేశాడు. హాల్లోకి పోయి కౌంటర్ వెనక నిలబడ్డాడు.

"విమానం ఈ పొద్దు పోదు. పైలట్‌కు నిద్ర లేదు. రేపు పొద్దున పోతాది."

హాలు మొత్తం లేచింది. చీలిపోయిన మూడు పార్టీలూ అక్కడికక్కడే ఒకటైపోయాయి.

"నిద్రొస్తే మొగం కడుక్కోమనప్పా!" అన్నాడు ఒకడు.

"రోంత టీ తాగమను!"

"దుడ్లు పెట్టి కొన్యాం టికెట్లు! రోంత ఓర్చుకోలేరా?"

తన మాటే. తనే పెంచి వదిలిన మాట, ఇన్ని నోళ్లెక్కి తిరిగి తన మీదికే వచ్చింది. జేబులో ఫోన్ మళ్లీ మోగడం మొదలుపెట్టింది. హనుమంతప్ప కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి బతిమాలాడు.

"మా మేనకోడలి పెండ్లి కదప్పా. నువ్వన్నా పోయి చెప్పు. రోంత సర్దుకోమను."

ఫోన్ చప్పుడుకు రెబెకా లేస్తుందేమోనని వేణుగోపాల్ దాన్ని జేబులోనే అరచేత్తో గట్టిగా అదిమిపెట్టాడు. కౌంటర్ వెనకే ఉన్న పైలట్ల గది తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఎంత రోంతన్నా?" అని అడిగాడు.